చిన్నప్పటి కాంట్రా ఫోన్‌లో ఇంత స్పీడ్‌గా ఎందుకు ఉంది? ఎమ్యులేటర్ తప్పా, నా వయసు తప్పా?

బ్రాడీపేట_4లైన్
నెల రోజుల నుంచి బుర్ర తినేస్తోంది ఈ విషయం. ఫోన్‌లో రెట్రోఆర్క్ (పాత గేమ్ మిషన్లని అనుకరించే ఎమ్యులేటర్ యాప్) వేసుకుని, అందులో మన పాత మిషన్‌లా పనిచేసే ఎఫ్‌సీఈయూఎమ్ఎమ్ అనే భాగంలో, దాన్నే కోర్ అంటారు, కాంట్రా ఆడుతున్నా. బొమ్మ బాగుంది, సౌండ్ బాగుంది. గేమ్ మాత్రం ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు పరిగెడుతోంది. చిన్నప్పుడు మా ఇంట్లో టీవీకి తగిలించుకునే వీడియో గేమ్‌లో ఒక్క లైఫ్ పోకుండా మూడో రౌండ్ దాకా వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు మొదటి రౌండ్‌లో వంతెన పేలే చోటే రెండు లైఫ్‌లు పోతున్నాయి. పాట కూడా హడావుడిగా వస్తోంది. మారియోలోనూ ఇదే వరస.

ఫోన్ 8 జీబీ ర్యామ్. ఫాస్ట్ ఫార్వర్డ్ ఆన్‌లో లేదు, రెండుసార్లు చూశా. ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములో ఆ లెక్క, 60 చూపిస్తోంది. స్పీడ్ తగ్గించే సెట్టింగ్ ఏదైనా ఉంటే చెప్పండి. మా ఆవిడైతే "గేమ్ స్పీడ్ కాలేదు, మీరే స్లో అయ్యారు" అని తేల్చేసింది.

తెనాలి_టర్బో
వదినగారు చెప్పింది కరెక్ట్. థ్రెడ్ క్లోజ్ చెయ్యండి.

నల్లకుంట_నాని
ర్యామ్ సంగతి ఎందుకన్నా, దానికీ దీనికీ సంబంధమే లేదు. అసలు మిషన్‌లో ఉన్న ర్యామ్ 2 కేబీ. మారియో గేమ్ మొత్తం 40 కేబీ. పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో వచ్చే శుభోదయం బొమ్మ దానికంటే పెద్దగుంటది. ఎంత పాత ఫోనైనా ఇవి నిద్దట్లో నడిపిస్తది. నీ సమస్య ఫోన్‌ది మాత్రం కాదు.

పెద్దబావ
వయసే. నాకు 46. మా అబ్బాయి నా ఫోన్‌లోనే ఒక్క లైఫ్‌తో ఐదో రౌండ్ మంచు దాకా పోతున్నాడు. స్పీడ్ ఎక్కువని వాడికి అనిపించడం లేదు. చదువుకున్న బడికి ఇప్పుడు వెళ్తే మైదానం చిన్నగా కనిపిస్తుంది. మైదానం కుంచించుకుపోయిందంటామా?

సైలెంట్_రీడర్
ఇయర్‌బడ్స్ పెట్టుకుని ఆడుతున్నారా? బ్లూటూత్‌లో సౌండ్ కాస్త వెనకబడి వస్తుంది. దూకేశాక దూకిన చప్పుడు వినిపిస్తే చేతి లెక్క తప్పుతుంది.

బ్రాడీపేట_4లైన్
@సైలెంట్_రీడర్ అవును, బడ్సే. తీసేసి ఫోన్ స్పీకర్‌లో ఆడా. కొంచెం నయం, కానీ పాట స్పీడ్ అలాగే ఉంది. పెద్దబావగారూ, చెయ్యి నెమ్మదించిందంటే ఒప్పుకుంటా. పాట స్పీడ్‌గా వినిపించడానికి వయసుకేం సంబంధం?

రాస్టర్_రాజు
మీ చెవి కరెక్ట్. ఎమ్యులేటరూ కరెక్టే. తేడా అంతా అప్పటి మన డబ్బాలో ఉంది.

జపాన్‌లో 1983లో వచ్చిన నింటెండో వాళ్ళ ఫ్యామికామ్, తర్వాత అమెరికాలో దాన్నే ఎన్‌ఈఎస్ పేరుతో అమ్మిన మిషన్, రెండూ వాళ్ళ ఎన్‌టీఎస్‌సీ టీవీలకి తగ్గట్టు సెకనుకి 60 ఫ్రేములు పంపేవి. మన టీవీలు పాల్ పద్ధతి, సెకనుకి 50. మన ఊళ్ళలో దొరికిన మిషన్లు చాలావరకు నింటెండోవి కావు, వాటికి నకళ్ళు. లోపల తైవాన్ కంపెనీ యూఎమ్‌సీ చేసిన చిప్పులుండేవి. మన టీవీలో బొమ్మ నిలబడాలి కాబట్టి అవి 50 ఫ్రేములే పంపేవి. క్యాసెట్‌లో ఉన్న గేమ్ మాత్రం 60 ఫ్రేములకి రాసిన అమెరికాదో జపాన్‌దో.

ఆ కాలం గేమ్‌కి వేరే గడియారం లేదు, ఫ్రేమే దాని గడియారం. ఒక్కో ఫ్రేముకి మనిషి ఇన్ని చుక్కలు జరగాలి, ఇన్ని ఫ్రేములు గడిస్తే పాటలో స్వరం మారాలి అని రాసి ఉంటుంది. ఫ్రేములు తగ్గాయా, మనిషీ తూటా పాటా అన్నీ కలిసి నెమ్మదిస్తాయి. అంటే మనమంతా చిన్నప్పుడు ఆరో వంతు నెమ్మదించిన కాంట్రా ఆడాం. ఫోన్‌లో మీరు ఇప్పుడు చూస్తున్నది దాన్ని చేసినవాళ్ళు పెట్టిన స్పీడ్.

మార్చుకోవాలంటే గేమ్ నడుస్తుండగా క్విక్ మెనూ తెరిచి, కోర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి, రీజియన్ దగ్గర ఆటో తీసేసి డెండీ పెట్టండి. పాల్ కూడా కనిపిస్తుంది, అది వద్దు. డెండీ అన్నది రష్యాలో అమ్ముడైన ఇలాంటి నకలు మిషన్ పేరు. మనదీ వాళ్ళదీ ఒకే జాతి.

నల్లకుంట_నాని
పాల్ ఎందుకు వద్దు? రెండూ 50 అంటున్నవ్ గదా.

రాస్టర్_రాజు
@నల్లకుంట_నాని ఫ్రేములు రెండింట్లో 50. కానీ నింటెండో యూరప్‌లో అమ్మిన పాల్ మిషన్‌లో ప్రాసెసర్ కూడా నెమ్మది, 1.66 మెగాహెర్ట్జ్. అమెరికాదాంట్లో 1.79. సౌండ్ పుట్టేది ఆ ప్రాసెసర్ చిప్‌లోనే కాబట్టి, యూరప్ మిషన్‌లో పాట నెమ్మదించడమే కాదు, శ్రుతి కూడా దిగిపోతుంది. నకలు చిప్‌లో 1.77. పాట సాగుతుంది కానీ శ్రుతి దాదాపు అసలుదే. మీ చెవిలో ఉండిపోయింది ఈ మూడోది.

పెద్దబావ
వినడానికి బాగుంది. నమ్మబుద్ధి కావడం లేదు. అంత తేడా ఉంటే ఇన్నేళ్ళలో ఒక్కరికీ తెలియకపోవడమేంటి? మా వీధిలో మధ్యాహ్నం అన్నం మానేసి ఆడినవాళ్ళున్నారు.

రాస్టర్_రాజు
దేంతో పోల్చి తెలుసుకుంటారండీ? వీధిలో అందరిదీ అదే డబ్బా.

తెనాలి_టర్బో
మా క్యాసెట్ మీద 9999999 ఇన్ 1 అని ఉండేది. లోపల ఉన్నవి ఏడు గేమ్‌లు, వాటినే పేర్లు మార్చి మార్చి చూపించేది. ఎనిమిదోది ఎక్కడైనా ఉంటుందేమోనని వేసవి సెలవుల్లో మూడు వందల నంబరు దాకా ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయాను. ఆ తెలివితో స్పీడ్ తేడా కనిపెడతానా?

టెక్సాస్_మిర్చి
ఒరేయ్, బ్రాడీపేట నాలుగో లైను అంటే నువ్వేనా? లైఫ్ పోకుండా మూడో రౌండ్ దాకా వెళ్ళేవాడివా? వెళ్ళింది నేను. నువ్వు రెండో రిమోట్ పట్టుకుని నా వెనకాల వచ్చేవాడివి. అది కూడా 30 లైఫ్‌ల కోడ్ కొడితే.

బ్రాడీపేట_4లైన్
అన్నయ్యా, నువ్విక్కడేంటి!! మూడో రౌండ్ సంగతి ఎత్తకు. జలపాతం ఎక్కేటప్పుడు నువ్వు పైకి గెంతేస్తే స్క్రీన్ పైకి జరిగి కింద ఉన్న నేను చచ్చిపోయేవాణ్ణి. ప్రతిసారీ. కావాలనే చేసేవాడివి.

టెక్సాస్_మిర్చి
నువ్వు నెమ్మదిగా ఎక్కితే నా తప్పా?

తెనాలి_టర్బో
థ్రెడ్ ఇప్పుడు కుదుటపడింది. కోడ్ గుర్తున్నవాళ్ళు చెయ్యెత్తండి. పైన పైన కింద కింద ఎడమ కుడి ఎడమ కుడి బి ఎ. పిల్లల పుట్టినరోజులు మర్చిపోతున్నా గానీ ఇది పోవట్లేదు.

అటకమీది_డబ్బా
పెద్దబావగారికి రుజువు కావాలి కదా. ఈ వారాంతం అమ్మవాళ్ళింటికి ఏలూరు వెళ్తున్నా. మా మిషన్ అటక మీద ఉంది, అమ్మ దాన్ని పాత చీరలో చుట్టి పెట్టింది. ఫోన్‌లో నా దగ్గర కూడా రెట్రోఆర్క్ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తా. ఎలా కొలవాలో రాజుగారు చెప్పండి.

రాస్టర్_రాజు
@అటకమీది_డబ్బా మారియో పెట్టండి, కాంట్రా వద్దు. మారియోలో పైన కుడివైపు టైమ్ 400 నుంచి తగ్గుతూ వస్తుంది చూడండి, అది సెకన్లు కాదు. 24 ఫ్రేములకొకసారి ఒక అంకె తగ్గుతుంది. మొదటి రౌండ్‌లో మారియోని మొదలైన చోటే కదలకుండా నిలబెట్టండి, మీరు ముందుకి నడిస్తే తప్ప ఏ పుట్టగొడుగు శత్రువూ రాదు. 400 నుంచి 300కి రావడానికి ఎంత పట్టిందో స్టాప్‌వాచ్‌లో చూడండి. 2400 ఫ్రేములన్నమాట. 60 అయితే 40 సెకన్లు, 50 అయితే 48. ఎనిమిది సెకన్ల తేడా, చేతి స్టాప్‌వాచ్‌తో కూడా దొరికిపోతుంది.

పెద్దబావ
ఇది న్యాయంగా ఉంది. కానివ్వండి.

ఇంటర్_బ్యాచ్_కుర్రాడు
ఇవన్నీ సరే, నా ఫోన్ 4 జీబీ, 12 వేలది. పీఎస్‌పీ (సోనీ చేతిలో పట్టుకునే మిషన్) గాడ్ ఆఫ్ వార్ ఆడుతుందా?

నల్లకుంట_నాని
@ఇంటర్_బ్యాచ్_కుర్రాడు పీపీఎస్‌ఎస్‌పీపీ వెయ్ తమ్మీ. ఫ్రీ యాప్, బయాస్ ఫైలు (అసలు మిషన్‌ల ఉండే స్టార్టప్ ప్రోగ్రామ్) గూడ అవసరం లేదు. రెండరింగ్ రెజల్యూషన్ 1ఎక్స్‌లో పెట్టు. అప్పుడు పీఎస్‌పీకున్న అసలు సైజు 480 బై 272 వస్తది, కొంచెం గరుకుగుంటది గానీ నడుస్తది. అందరూ యూట్యూబ్ చూసి 4ఎక్స్ పెట్టి ఫోన్‌ని తిడతరు. గాడ్ ఆఫ్ వార్ మాత్రం పీఎస్‌పీ గేమ్‌లలోనే బరువైంది, బాస్ దగ్గర నత్తలెక్క పోతే నన్ను అడగకు.

ఇంటర్_బ్యాచ్_కుర్రాడు
పీఎస్2?

నల్లకుంట_నాని
ఆశ పడకు. ఈథర్‌ఎస్‌ఎక్స్2 అని 2021 డిసెంబర్‌ల వచ్చింది, ఫోన్‌ల పీఎస్2 అంటే అదే. దానికే కనీసం స్నాప్‌డ్రాగన్ 845 లెవెల్ చిప్ ఉండాలన్నరు. చేసినాయన ఒక్కడే. జనం బెదిరింపులు, తిట్లు తట్టుకోలేక 2023 జనవరిల ఆపేసిండు. తర్వాత వేరేవాళ్ళు దానికి అతుకులేసి నడిపిస్తున్నరు. ప్లే స్టోర్‌ల "పీఎస్2 ప్రో" అని తళతళ మెరిసే యాప్‌లు కనిపిస్తయ్, సగం యాడ్‌ల సంతే. ఫోన్‌బుక్ పర్మిషన్ అడిగే ఎమ్యులేటర్‌ని అస్సలు ముట్టకు. గేమ్ ఆడనీకి మా అత్తమ్మ నంబర్ దానికెందుకు?

సైలెంట్_రీడర్
మధ్యలో నా గోడు కూడా వినండి, ఎవరికైనా పనికొస్తుంది. పోకెమాన్ ఫైర్‌రెడ్, గేమ్‌బాయ్ అడ్వాన్స్‌ది. ఆఫీసు బస్సులో పోతూ వస్తూ నాలుగు నెలలు ఆడాను. ఒకరోజు యాప్ తెరుచుకోకపోతే, తీసేసి మళ్ళీ వేస్తే బాగవుతుందని అన్‌ఇన్‌స్టాల్ చేశా. సేవ్‌లన్నీ ఆ యాప్ సొంత ఫోల్డర్‌లో, ఆండ్రాయిడ్ డేటా లోపల ఉన్నాయట. యాప్‌తో పాటే అన్నీ పోయాయి. ఏడో బ్యాడ్జ్ దాకా వెళ్ళాను. రెండు రోజులు బస్సులో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నా.

ఇప్పుడైతే సేవ్ ఫోల్డర్‌ని బయట, డౌన్‌లోడ్స్ పక్కన పెట్టి, నెలకోసారి డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నా. ఇంకోటి, స్టేట్ సేవ్ (గేమ్‌ని ఆ క్షణంలో ఉన్నట్టే ఎమ్యులేటర్ దాచేది) ఒక్కదాన్నే నమ్ముకోకండి. కోర్ అప్‌డేట్ అయితే పాత స్టేట్ తెరుచుకోకపోవచ్చు. గేమ్‌లోపల ఉన్న సేవ్ కూడా చేస్తుండండి. ఆ ఫైలు చిన్నది, వేరే ఎమ్యులేటర్‌కి మారినా చాలాసార్లు పనిచేస్తుంది.

తెనాలి_టర్బో
ఏడో బ్యాడ్జ్... సంతాపం.

కువైట్_కుర్చీ
ఐఫోన్‌లో చాన్స్ లేదా? ఇక్కడ డ్యూటీ అయ్యాక రూమ్‌లో ఖాళీ.

టెక్సాస్_మిర్చి
@కువైట్_కుర్చీ ఉంది. 2024 ఏప్రిల్‌లో ఆపిల్ రూల్ మార్చింది. అప్పటిదాకా యాప్ స్టోర్‌లోకి ఎమ్యులేటర్లని రానిచ్చేది కాదు. ఆ నెలలోనే డెల్టా వచ్చింది, తర్వాత రెట్రోఆర్క్, పీపీఎస్‌ఎస్‌పీపీ. ఎన్‌ఈఎస్, గేమ్‌బాయ్, ఎస్‌ఎన్‌ఈఎస్‌లకి డెల్టా హాయిగా ఉంటుంది, సెట్టింగుల జంజాటం లేదు. గేమ్‌క్యూబ్ లాంటి బరువైనవి అడక్కు. వాటికి కోడ్‌ని అప్పటికప్పుడు మార్చి నడిపే జిట్ అనే పద్ధతి కావాలి, దానికి ఆపిల్ ఒప్పుకోదు. గేమ్‌క్యూబ్ ఎమ్యులేటర్ డాల్ఫిన్ యాప్ స్టోర్‌లోకి రాకపోవడానికి కారణం అదే.

మోడరేటర్_2
ముందే చెప్తున్నా, రోమ్‌ల (గేమ్ ఫైళ్ళ) లింకులు, "ఏ సైట్‌లో దొరుకుతుంది" ప్రశ్నలు ఇక్కడ వద్దు. ఇప్పటికే రెండు పోస్టులు తీసేశాను.

ఇంటర్_బ్యాచ్_కుర్రాడు
మరి గేమ్ లేకుండా ఎమ్యులేటర్ ఏం చేసుకోవాలి సార్, ఊరగాయ పెట్టుకోవాలా

లా_పాయింటు
@ఇంటర్_బ్యాచ్_కుర్రాడు రెండు విషయాలు కలిపేస్తున్నారు. ఎమ్యులేటర్ చెయ్యడం, వాడటం తప్పు కాదు. అమెరికాలో సోనీ కంపెనీ కనెక్టిక్స్ మీద కేసు వేసి 2000లో అప్పీల్ కోర్టులో ఓడిపోయింది. ఎవరి కోడ్‌నీ దొంగిలించకుండా అలాంటి పని చేసే ప్రోగ్రామ్ సొంతంగా రాసుకోవచ్చన్నది అక్కడ తేలింది. గేమ్ వేరు, అది కాపీరైట్ ఉన్న సరుకు. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో, ప్రోగ్రామ్ కాపీని న్యాయంగా కొన్నవాడు పోతుందేమోనన్న జాగ్రత్త కోసం బ్యాకప్ తీసుకోవచ్చని ఉంది. ఎవడో అప్‌లోడ్ చేసింది దించుకోవడం ఆ మాట కిందికి రాదు.

స్విచ్ ఎమ్యులేటర్ యూజు వాళ్ళ మీద నింటెండో 2024లో కేసు వేస్తే 24 లక్షల డాలర్లకి రాజీ చేసుకుని దుకాణం మూసేశారు. అందుకే మోడరేటర్‌గారి జాగ్రత్త.

తెనాలి_టర్బో
లాయరుగారూ, ఆ 9999999 ఇన్ 1 క్యాసెట్ మా నాన్న దుకాణంలో డబ్బులిచ్చి కొన్నదే. అది న్యాయంగా కొన్నట్టేనా?

లా_పాయింటు
మీ నాన్నగారు న్యాయంగానే కొన్నారు. అమ్మినవాడే న్యాయంగా అమ్మలేదు.

నల్లకుంట_నాని
నలభై ఏండ్ల కిందటి గేమ్, ఇప్పుడు ఎక్కడా అమ్మకపోతే ఎట్ల కొనాలె? చట్టం చట్టమే, మరి మా తరమంతా దొంగ క్యాసెట్ల మీదనే పెరిగింది.

లా_పాయింటు
@నల్లకుంట_నాని అన్నీ అమ్మకుండా లేవు. కాంట్రా ఆనివర్సరీ కలెక్షన్ 2019లో ఆ గేమ్ చేసిన కొనామీనే తెచ్చింది. ఫోన్‌కి రాలేదు, అది మాత్రం నిజం. కంప్యూటర్‌లో, స్విచ్‌లో ఉంది.

రాస్టర్_రాజు
కొత్తగా ఎన్‌ఈఎస్‌కే గేమ్‌లు రాసి అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. మైక్రో మేజెస్ అని 2019లో వచ్చింది. పాత మారియో లాగే 40 కేబీలో కుదించారు, నలుగురు కలిసి ఆడొచ్చు. కొంటే రోమ్ ఫైలు మన చేతికే ఇస్తారు. ఫోన్‌లో పెట్టుకోవడానికి ఏ తలనొప్పీ లేదు. మా పిల్లలకి మారియో కంటే అదే నచ్చింది, నాకు కొంచెం బాధేసింది.

అటకమీది_డబ్బా
ఏలూరు నుంచి. చీర విప్పా. మిషన్ పనిచేస్తోంది, అడాప్టర్ మాత్రం ముప్పై ఏళ్ళ క్రితం లాగే ఇస్త్రీపెట్టెలా కాలిపోతోంది. క్యాసెట్ మొదట రాలేదు. ఊదకూడదని ఎక్కడో చదివినా ఊదాను, వచ్చేసింది. పసుపు వైరుతో కొత్త టీవీకి కూడా తగులుకుంది.

రాజుగారు చెప్పినట్టే మారియోని నిలబెట్టి మూడుసార్లు కొలిచా. డబ్బాలో 400 నుంచి 300కి: 48.2, 47.9, 48.1 సెకన్లు. ఫోన్‌లో ఆటోలో: 40.1, 39.8, 40.0. ఫోన్‌లో డెండీ పెట్టాక: 48.0.

అమ్మ వెనకాల నిలబడి చూసి, "అంతసేపు టీవీ పెట్టి ఒక్క అడుగైనా వెయ్యకుండా ఏం చూస్తున్నావే" అంది.

రాస్టర్_రాజు
అమ్మగారికి నమస్కారాలు.

పెద్దబావ
ఒప్పుకున్నా. అయితే వయసు పాత్ర అసలు లేదని మాత్రం అనను. నేను మా అబ్బాయి ఫోన్‌లో డెండీ పెట్టి ఆడా, అయినా వంతెన దగ్గరే పోయా.

తెనాలి_టర్బో
అక్కా, బాతుల గేమ్ ఉందా అందులో? గన్ పనిచేసిందా?

అటకమీది_డబ్బా
@తెనాలి_టర్బో ఉంది. గన్ కూడా ఉంది, నారింజ రంగుది. ఒక్క బాతూ చావలేదు. కుక్క మాత్రం లేచి నవ్వుతోంది.

రాస్టర్_రాజు
కొత్త టీవీలో ఆ గన్ ఎప్పటికీ పనిచెయ్యదు. ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్ల గడి వెలుగుతుంది. ఆ వెలుగు కనపడిందా లేదా అన్నది గన్ ఆ ఫ్రేములోనే చూసుకుంటుంది. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ ఆ క్షణమే గీసేసేది. ఎల్‌సీడీ టీవీ బొమ్మని కాస్త ఆలస్యంగా చూపిస్తుంది, ఈలోగా గన్ "లేదు" అని తేల్చేస్తుంది. ఫోన్‌లో అయితే కోర్ ఆప్షన్స్‌లో జాపర్ (ఆ గన్ పేరు) మోడ్‌ని టచ్‌స్క్రీన్‌గా పెట్టి వేలితో బాతుని పొడవొచ్చు. మరీ తేలికైపోతుంది, పది నిమిషాల్లో విసుగొస్తుంది.

బ్రాడీపేట_4లైన్
డెండీ పెట్టా! పాట మొదలవగానే ఒళ్ళు ఝల్లుమంది. అదే పాట. మూడో రౌండ్ దాకా వెళ్ళా కూడా, అన్నయ్య ఏమన్నా అనుకోనీ.

కానీ కొత్త సమస్య. మనిషి పరిగెడుతుంటే వెనక చెట్లు సాఫీగా జరగకుండా చిన్న చిన్న కుదుపులతో వెళ్తున్నాయి. 60లో ఇది లేదు.

రాస్టర్_రాజు
అది తప్పదు. మీ ఫోన్ స్క్రీన్ సెకనుకి 60 సార్లు మారుతుంది, గేమ్ 50 ఫ్రేములే ఇస్తోంది. ప్రతి ఐదు ఫ్రేములకి ఒకటి రెండుసార్లు చూపించాల్సి వస్తుంది. కంటికి తగిలే కుదుపు అదే. 120 హెర్ట్జ్ స్క్రీన్ ఉంటే ఆన్ చెయ్యండి. పూర్తిగా పోదు గానీ కుదుపు సగానికి దిగుతుంది.

నేనైతే 60కే అలవాటు పడ్డా. రెండు వారాలు చచ్చా, మూడో వారానికి చెయ్యి దారిలో పడింది. అసలు గేమ్ అదే కదా.

అటకమీది_డబ్బా
@రాస్టర్_రాజు అసలు ఏంటండీ అసలు? క్యోటోలో, నింటెండో ఆఫీసులో కూర్చుని చేసినవాళ్ళకి 60 అసలు. ఏలూరులో నేను ఆడింది 50. నా చేతులు నేర్చుకున్నది దాన్ని.

రాస్టర్_రాజు
మారియో క్యోటో వాళ్ళది, కాంట్రా కొనామీది, అది పక్కన పెడదాం. పరుగు, దూకే ఎత్తు, శత్రువు వచ్చే సమయం వాళ్ళు 60 చూసుకుని అల్లారు. నెమ్మదిగా ఆడితే వాళ్ళు పెట్టిన కష్టం పోతుంది. పాల్ దేశాలకని సరిచేసి అమ్మిన గేమ్‌లు కూడా ఉన్నాయి. యూరప్‌లో కాంట్రాని ప్రోబొటెక్టర్ అని పేరు మార్చి, మనుషుల్ని తీసేసి రోబోల్ని పెట్టి అమ్మారు. మనకి ఎవరూ ఏమీ సరిచెయ్యలేదు, అమెరికాది తెచ్చి నెమ్మది మిషన్‌లో తోసేశారు.

నల్లకుంట_నాని
అంటే మనం ఈజీ మోడ్‌ల ఆడినం అని చెప్తున్నవ్. మా బస్తీల కాంట్రా ఫినిష్ చేసినోళ్ళ పరువంతా తీసినవ్ గదన్నా.

అటకమీది_డబ్బా
నేనైతే 50లోనే ఆడతా. కుదుపు వచ్చినా సరే.

సైలెంట్_రీడర్
టచ్ బటన్లతో అందరూ ఎలా ఆడుతున్నారు? నాకు దూకుతూ ఏటవాలుగా కాల్చడం రావట్లేదు. బొటనవేలు జారిపోతోంది.

టెక్సాస్_మిర్చి
ఓవర్‌లేలో, అంటే స్క్రీన్ మీద కనిపించే బటన్ల పొరలో, పెద్ద బటన్లున్నది ఎంచుకుని, ఎ బి రెండూ కలిపి పడే చోటున్న రకం చూడండి. నిజం చెప్పాలంటే కంట్రోలర్ కొనేయండి. ఫోన్ మధ్యలో ఇరికించే రకం, యూఎస్‌బీ సీ తో తగిలేది ఉంటే బ్లూటూత్ ఆలస్యం కూడా ఉండదు. గొరిల్లా గ్లాస్ మీద కాంట్రా ఆడటం అంటే చేతికి గ్లవ్స్ వేసుకుని గోలీలాడటమే.

స్క్రీన్ సంగతి కూడా ఒకటి. అడ్డంగా సాగదీయకండి, మారియో లావైపోతాడు. ఇంటీజర్ స్కేల్ ఆన్ చేస్తే అసలు బొమ్మ ఎత్తు 240కి నాలుగింతలు, 960 చుక్కల్లో పడుతుంది. 1080 స్క్రీన్‌లో పైనా కిందా కాస్త నల్లగా మిగులుతుంది, బొమ్మ మాత్రం కోసినట్టు ఉంటుంది.

బ్రాడీపేట_4లైన్
@టెక్సాస్_మిర్చి అన్నయ్యా, రెట్రోఆర్క్‌లో నెట్‌ప్లే ఉందట కదా. ఆడదామా?

టెక్సాస్_మిర్చి
ఉంది. ఇద్దరి దగ్గరా ఒకే కోర్, ఒకే వెర్షన్, ఒకే ఫైలు ఉండాలి. కోర్ ఆప్షన్స్ కూడా కలవాలి, నువ్వు డెండీలో నేను ఆటోలో ఉంటే రెండు నిమిషాల్లో చెరో లోకంలో ఉంటాం. గుంటూరు నుంచి ఇక్కడికి దూరం ఉంది కదా, నా మనిషి అప్పుడప్పుడు మాయమై ఇంకో చోట తేలతాడు. సర్దుకోవాలి. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి కూర్చుంటా, నీకు ఆదివారం పొద్దున ఎనిమిది. ఈసారి 30 లైఫ్‌ల కోడ్ లేదు.

బ్రాడీపేట_4లైన్
కోడ్ ఉంది.

టెక్సాస్_మిర్చి
సరే ఉంది.

ఇంటర్_బ్యాచ్_కుర్రాడు
నాని అన్నా, గాడ్ ఆఫ్ వార్ 1ఎక్స్‌లో నడుస్తోంది. మొదటి బాస్ దగ్గర కొంచెం నత్త.

నల్లకుంట_నాని
చెప్పిన గదా తమ్మీ. ఫ్రేమ్ స్కిప్ 1 పెట్టు, పరీక్షలు గూడ దగ్గర పెట్టుకో.

తెనాలి_టర్బో
ఆదివారం అయిపోయింది. రిపోర్టు ఏది?

బ్రాడీపేట_4లైన్
మొదటి రౌండ్ బాగానే అయింది. రెండో రౌండ్ గోడలు కూడా. వాడి మనిషి రెండుసార్లు గాల్లో ఆగిపోయాడు, అది నెట్ తప్పు, ఒప్పుకుంటా. పాట సరైన స్పీడ్‌లో వస్తుంటే మా ఆవిడ కూడా వచ్చి పక్కన కూర్చుంది.

మూడో రౌండ్. జలపాతం. వాడు పైకి ఎక్కేశాడు. నేను స్క్రీన్ కింద.

టెక్సాస్_మిర్చి
లాగ్ రా అది.

బ్రాడీపేట_4లైన్
పదకొండు సార్లా?

తెనాలి_టర్బో
1995లో కూడా లాగేనా అన్నా?